ఒకే మనిషి, మూడు రకాల పిల్లికూతలు: వీజింగ్ ఉన్నంత మాత్రాన బ్రాంకోస్పాజం కాదు

పిల్లికూతలు వినపడితే నెబ్యులైజర్. మన క్యాజువాలిటీల్లో, ఓపీల్లో ఇది ఆలోచించకుండానే జరిగిపోయే పని. చాలాసార్లు అదే సరైన పని కూడా, ఎందుకంటే ఆయాసంతో, విజిల్ శబ్దంతో మన దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఆస్తమానో, సీఓపీడీనో (శ్వాసనాళాలు దీర్ఘకాలంగా ఇరుకైపోయే జబ్బు) ఉంటుంది. కానీ ఛాతీలో వినపడే శబ్దం వేరు, శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుపోవడం వేరు. శబ్దం పేరు వీజింగ్, అది స్టెతస్కోప్‌కి దొరుకుతుంది. కండరం బిగుసుకోవడం పేరు బ్రాంకోస్పాజం, అది ఉందని మనం రుజువు చేసుకోవాలి. ఈ రెండూ ఒకటే అనుకుంటే ఏమవుతుందో ఇక్కడ రాస్తున్న కేసు చూపించినంత స్పష్టంగా ఇంకేదీ చూపించలేదు నాకు. మూడు నెలల్లోపు ఒకే మనిషికి మూడుసార్లు వీజింగ్ వచ్చింది, మూడుసార్లూ కారణం వేరు, అందులో బ్రాంకోస్పాజం ఉన్నది మొదటిసారి మాత్రమే. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ముందు శబ్దం ఎలా పుడుతుందో రెండు ముక్కల్లో. గాలి ఇరుకు దారిలోంచి వేగంగా పోతున్నప్పుడు నాళం గోడలు దాదాపు అతుక్కునేంత దగ్గరకొచ్చి అదురుతాయి. బూర మూతిని రెండువైపులా లాగి పట్టుకుని గాలి వదిలితే కీచుమంటుందే, అదే సూత్రం. కాబట్టి శబ్దానికి కావలసింది రెండే: ఒక ఇరుకు, అందులోంచి పోవడానికి తగినంత గాలి. ఆ ఇరుకు కండరం బిగుసుకోవడం వల్ల వచ్చిందా, లోపలి పొర వాచిందా, కఫం అడ్డం పడిందా, గడ్డ ఉందా, మచ్చకట్టి మూసుకుపోయిందా అన్నది శబ్దం చెప్పదు. శబ్దం ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి ఇరుకు ఎంత ఉందో కూడా చెప్పలేం.

మొదటి వీజింగ్

వయసు 41, మిర్చి రైతు. సిగరెట్ లేదు, చిన్నప్పుడు ఉబ్బసం లేదు, ఇంట్లో ఎవరికీ లేదు. ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి వెళ్ళి వేరే ఊళ్ళో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అది ఎలా వెళ్ళిందన్నది ఈ కేసుకు అవసరం లేని విషయం, దాన్ని అడగాల్సిన పద్ధతిలో అడిగి, మానసిక వైద్యుల సాయం కూడా అందేలా చూశారు, అంతవరకే రాస్తాను. ఆ దశ నేను స్వయంగా చూడలేదు. ఆయన భార్య ఒక ప్లాస్టిక్ కవర్లో ఐసీయూ కేస్ షీట్ జెరాక్సులు, బిల్లులు, ఎక్స్‌రేలు అన్నీ జాగ్రత్తగా దాచి తెచ్చింది, ఆ కాగితాలే లేకపోతే ఈ కథలో సగం మనకు తెలిసేది కాదు.

కేస్ షీట్ మొదటి పేజీ ప్రకారం: కంటిపాపలు సూదిమొనంత, ఒళ్ళంతా చెమట, నోట్లోంచి నురగ, నాడి 52, ఆక్సిజన్ శాచురేషన్ 81, రెండువైపులా ఛాతీ నిండా వీజింగ్, దాంతోపాటు తడి శబ్దాలు. ఇది అసలైన బ్రాంకోస్పాజం. పురుగుమందు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని పట్టేసుకుంటుంది, దాంతో ఎసిటైల్‌కోలిన్ (నరాలు కండరాలకి, గ్రంథులకి సంకేతం పంపే రసాయనం) కరగకుండా పేరుకుపోయి, శ్వాసనాళాల కండరం మీదున్న ఎం3 రిసెప్టర్లని (ఆ సంకేతాన్ని అందుకునే మీటల్లాంటివి) నొక్కిపట్టినట్టే ఉంచేస్తుంది. కండరం బిగుస్తుంది, పక్కనే ఉన్న గ్రంథులు ఆగకుండా నీళ్ళు కక్కుతాయి. మనిషి తన స్రావాల్లో తానే మునిగిపోతుంటాడు.

దీనికి మందు ఆట్రోపిన్. వాళ్ళు ఇచ్చిన తీరు నేర్చుకోదగ్గది: ముందు 1.8 మిల్లీగ్రాములు, ఐదు నిమిషాలకి 3.6, ఇంకో ఐదు నిమిషాలకి 7.2. మన దగ్గర దొరికే 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూల్స్ లెక్కన మొత్తం 21. అన్ని ఆంప్యూల్స్ పగలగొట్టాలంటే కొత్త డాక్టర్లకి చెయ్యి వణుకుతుంది, నాడి పెరిగిపోతుందేమోనని సగంలో ఆపేస్తారు. ఇక్కడ ఆపలేదు. ఎక్కడ ఆపాలో చెప్పేది ప్రధానంగా ఛాతీయే: వీజింగ్, తడి శబ్దాలు పోవాలి, నాడి 80 దాటాలి, బీపీ పైసంఖ్య 80 దాటాలి, చంకలు ఆరిపోవాలి, కంటిపాపలు సూదిమొన స్థితి నుంచి బయటపడాలి. మూడో డోసు తర్వాత కేస్ షీట్‌లో రెండే మాటలు, "చెస్ట్ క్లియర్". కండరాన్ని వదులు చేసే మందు ఇవ్వగానే శబ్దం పోయింది, అంటే శబ్దానికి కారణం ఆ కండరమే. స్రావాలు తగ్గడం కూడా అందులో కలిసి ఉంటుంది, నిజమే, కానీ రెండిటి వెనకా ఉన్నది ఒకే రిసెప్టర్.

మనం ఇన్‌హేలర్లలో వాడే ఇప్రాట్రోపియం ఈ ఆట్రోపిన్ కుటుంబంలోదే. అంతకు చాలా ముందు, 19వ శతాబ్దం మొదట్లో, ఆస్తమాకి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి మద్రాసు నుంచి బ్రిటన్ చేరింది, అక్కడి డాక్టర్లు దశాబ్దాలపాటు వాడారు. ఉమ్మెత్తలో ఉన్నదీ ఆట్రోపిన్ లాంటి పదార్థాలే. దయచేసి ఇది చదివి ఎవరూ ఉమ్మెత్త ముట్టుకోవద్దు, ఎంత మోతాదు వెళ్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు, ప్రాణం మీదకొస్తుంది.

రెండో వీజింగ్

శబ్దం పోయినా మనిషి వెంటిలేటర్ నుంచి బయటపడలేదు. రెండో రోజుకి తల దిండు మీంచి ఎత్తలేకపోయాడు. ఇది ఇంటర్మీడియట్ సిండ్రోమ్, విషం ఒంట్లోకి వెళ్ళాక 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు నీరసించిపోవడం. 1987లో శ్రీలంక డాక్టర్లు దీనికి ఆ పేరు పెట్టి వివరించారు. ఆట్రోపిన్ దీనికి పనిచేయదు, వెంటిలేటర్ మీద ఓపిక పట్టాల్సిందే.

అయిదో రోజు రాత్రి వెంటిలేటర్ అలారం. పీక్ ప్రెషర్ (గాలి లోపలికి నెట్టేటప్పటి అత్యధిక పీడనం) 22 నుంచి 44కి ఎగబాకింది, ప్లాటో (గాలి ఆగి ఉన్నప్పుడు ఊపిరితిత్తిలో ఉండే పీడనం) 18 దగ్గరే ఉంది, రెండువైపులా మళ్ళీ వీజింగ్. పీక్ ఇంత పెరిగి ప్లాటో కదలకపోతే ఊపిరితిత్తి బాగానే ఉంది, గాలి వెళ్ళే దారిలో అడ్డముంది అని అర్థం. ఆ దారిలో గొంతులోంచి వేసిన వెంటిలేటర్ ట్యూబ్ కూడా ఉందని చాలామంది మర్చిపోతారు. విషం మళ్ళీ పైకొచ్చిందేమో అనుకుని ఆట్రోపిన్ ఇంకో డోసు ఒకేసారి ఇచ్చారు, మార్పు లేదు. అప్పుడు డ్యూటీ డాక్టర్ సక్షన్ కాథెటర్ దించి చూస్తే సగంలో ఆగిపోయింది. ట్యూబ్ మార్చారు. తీసిన ట్యూబ్ చివర గట్టిపడిన కఫం బిరడాలా కూరుకుపోయి ఉందని నోట్స్. కొత్త ట్యూబ్ పడగానే పీక్ 21, వీజింగ్ మాయం.

ఇందులో గమనించాల్సిన విషయం ఇంకొకటుంది. ఆట్రోపిన్ స్రావాల్ని ఆరబెడుతుంది, తేమ సరిగ్గా అందకపోతే కఫం అంటుకుపోతుంది. అంటే మొదటి వీజింగ్‌ని తగ్గించిన మందే రెండోదానికి దారి తీయడంలో భాగం పంచుకుని ఉండొచ్చు. బ్రాంకోస్పాజం అనుకుని ఆట్రోపిన్ పెంచుకుంటూ పోయి ఉంటే కఫం ఇంకా ఎండేది. ఆ డ్యూటీ డాక్టర్ ఎవరో నాకు తెలియదు, ఆ రాత్రి మనిషిని బతికించింది ఆ కాథెటరే.

పద్నాలుగో రోజు ట్యూబ్ తీశారు, పంతొమ్మిదో రోజు ఇంటికి పంపారు.

మూడో వీజింగ్

అయిదో వారంలో మొదలైంది. మొదట పొలం గట్టెక్కితే ఆయాసం, తర్వాత స్నానానికి వెళ్ళొచ్చినా ఆయాసం, తర్వాత శబ్దం. రెండుచోట్ల చూపించుకున్నారు. ఇద్దరూ స్టెతస్కోప్ పెట్టారు, వీజింగ్ విన్నారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు, శుభ్రంగా ఉంది. ఆస్తమా అని రాసి నెబ్యులైజేషన్, ఇన్‌హేలర్, డెరిఫిలిన్ (శ్వాసనాళాల్ని వదులు చేసే మందు), రోజుకి 30 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్. పదకొండో వారంలో మా ఓపీకి వచ్చేసరికి ముఖం ఉబ్బి, షుగర్ 240.

"రాత్రి ఆయన పడుకుంటే పక్కగదిలో పిల్లలకి వినపడుతుందండీ డాక్టరు గారూ" అంది భార్య.

"మిషన్ పెట్టినప్పుడు తగ్గుతుందామ్మా?"

"కాసేపు తేలిగ్గా ఉందంటారండీ. మాత్రలు మొదలెట్టాక కొంచెం నయమనిపించింది, మళ్ళీ మామూలే."

ఈ "కొంచెం నయం" దగ్గరే అందరూ దారి తప్పుతారు. నెబ్యులైజర్ పెట్టినప్పుడు మనిషి నిటారుగా కూర్చుంటాడు, తడిగాలి, ఆక్సిజన్ అందుతాయి, కంగారు తగ్గి నెమ్మదిగా ఊపిరి తీస్తాడు. నెమ్మదిగా తీస్తే ఇరుకు దగ్గర గాలి సుడులు తగ్గి నిజంగానే తేలికవుతుంది. స్టెరాయిడ్ అయితే ఎలాంటి వాపునైనా కాస్త తగ్గిస్తుంది. మందుకి అటూఇటూగా నయమనిపించడం బ్రాంకోస్పాజంకి రుజువు కాదు.

ఆయన గుమ్మంలోంచి వస్తుంటేనే శబ్దం వినపడింది, అది ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు ఎక్కువ. శాచురేషన్ 98. ఈ 98 చూసి ఊరట పడకూడదు, ఊపిరితిత్తుల్లో జబ్బు లేనప్పుడు పైదారి ఎంత మూసుకుపోయినా చివరివరకూ శాచురేషన్ బాగానే ఉంటుంది, పడిపోయిందంటే టైం అయిపోయినట్టే. నోరు తెరిచి గట్టిగా ఊపిరి తీయమని, స్టెతస్కోప్‌ని ఛాతీ మీద కాకుండా ముందు మెడ మీద, కంఠమణి కింద పెట్టాను. అక్కడే అన్నిటికంటే గట్టిగా ఉంది. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ అదే శబ్దం, అదే శ్రుతి, సన్నబడుతూ ఊపిరితిత్తుల అడుగు దాకా వినపడుతోంది. ఆస్తమాలో ఇలా ఉండదు. వందల చిన్న నాళాలు ఒక్కోటి ఒక్కో మేరకు బిగుస్తాయి కాబట్టి రకరకాల శ్రుతులు, చోటు మారితే మారే శబ్దాలు, ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు. ఇక్కడ ఉన్నది ఒక్క చోటు నుంచి వస్తున్న ఒక్క శబ్దం. పుస్తకం ప్రకారం దీన్ని స్ట్రైడర్ (పైదారి ఇరుకు శబ్దం) అనాలి, కానీ ఛాతీ మీద మాత్రమే స్టెత్ పెట్టేవాళ్ళకి ఇది వీజింగ్‌లాగానే వినపడుతుంది. మెడ మీద పెట్టడానికి పట్టేది పది సెకన్లు.

తర్వాత స్పైరోమెట్రీ, అంటే గట్టిగా ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష. ఎఫ్‌వీసీ (ఊది వదిలిన మొత్తం గాలి) 3.1 లీటర్లు, ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో వదిలిన గాలి) 1.9, రెండిటి నిష్పత్తి 0.61. మిషన్ తనంతట తానే "మోడరేట్ అబ్‌స్ట్రక్షన్" అని ప్రింట్ చేసింది. స్పేసర్‌తో సాల్బుటమాల్ (శ్వాసనాళాల కండరాన్ని వదులు చేసే మందు) 400 మైక్రోగ్రాములు ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్ళీ చేస్తే ఎఫ్ఈవీ1 1.93. ముప్పై మిల్లీలీటర్ల తేడా అంటే తేడా లేనట్టే. అంకెలు మాత్రమే చూస్తే "సీఓపీడీ అయ్యుండొచ్చు" అని ఇంకో తప్పు లేబుల్ వేయొచ్చు. కానీ పీక్ ఫ్లో, అంటే ఊదినప్పుడు గాలి అందుకునే అత్యధిక వేగం, నిమిషానికి 130 లీటర్లు మాత్రమే. ఎఫ్ఈవీ1ని మిల్లీలీటర్లలోకి మార్చి పీక్ ఫ్లోతో భాగించండి: 1900 బై 130, దాదాపు 14.6. దీన్ని ఎంపీ (Empey) ఇండెక్స్ అంటారు, 1972లో వచ్చింది, 8 దాటితేనే పైదారిలో ఇరుకుందేమోనని చూడాలి. ఆస్తమాలో పీక్ ఫ్లో, ఎఫ్ఈవీ1 రెండూ కలిసి పడతాయి. పైదారి ఇరుకులో ఎఫ్ఈవీ1 కంటే పీక్ ఫ్లో బాగా ఎక్కువ పడుతుంది.

అసలు సమాధానం ఆ పేజీ మీదే బొమ్మగా ఉంది. ఫ్లో వాల్యూమ్ లూప్‌లో (గాలి వేగాన్ని చూపే గీత) ఊపిరి వదిలేటప్పటి పైభాగం ఎగిరి శిఖరం కట్టాల్సిన చోట బల్లపరుపుగా ఉంది, ఊపిరి తీసుకునేటప్పటి కిందిభాగం కూడా బల్లపరుపే. లోపలికీ బయటికీ రెండువైపులా ఒకే వేగం దగ్గర కోత పడితే అది స్థిరమైన ఇరుకు, కండరం బిగుసుకోవడం కాదు. ఈ బొమ్మ చూడకుండా కింద ఉన్న ఇంగ్లిష్ వాక్యం చదివి ఫైల్ మూసేయడం ఎన్నో చోట్ల చూస్తున్నాను, చాలా బాధేస్తుంది, ఎందుకంటే రోగి అప్పటికే డబ్బు కట్టి, బలమంతా కూడదీసుకుని ఊది, జవాబు మన చేతిలో పెట్టాడు.

అదే రోజు అడ్మిట్ చేశాం. మెడ, ఛాతీ సీటీలో స్వరపేటిక తంత్రులకి 3 సెంటీమీటర్ల కింద, ఒకటిన్నర సెంటీమీటర్ పొడవున ట్రాకియా (గొంతు నుంచి ఊపిరితిత్తుల వైపు వెళ్ళే ప్రధాన శ్వాసనాళం) సన్నబడి, అతి ఇరుకైన చోట 6 మిల్లీమీటర్లు. పెద్దవాళ్ళలో మామూలుగా అది 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. 8 కంటే తగ్గితే నడిచినప్పుడు ఆయాసం, 5కి చేరితే కూర్చున్నా ఆయాసం అన్నది మేము గుర్తుపెట్టుకునే లెక్క. ఆయనకీ ఆ అంచుకీ మధ్య ఉన్నది ఒక్క మిల్లీమీటరు, ఒక జలుబు చేసి కాస్త వాచినా, కఫం ఒక ముద్ద అడ్డం పడినా చాలు. స్వర తంత్రులు ఈఎన్‌టీ వాళ్ళు చూశారు, బాగా కదులుతున్నాయి.

కారణం ఆ పద్నాలుగు రోజుల ట్యూబ్. ట్యూబ్ చివర గాలి నింపే కఫ్ ఉంటుంది. అందులో పీడనం 30 సెంటీమీటర్ల నీటి మట్టం దాటితే లోపలి పొరకి రక్తం అందదు, పుండు పడుతుంది, కింద మృదులాస్థి బయటపడుతుంది, ట్యూబ్ తీశాక ఆ పుండు మానుతూ మానుతూ మచ్చకట్టి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టే డిశ్చార్జ్ రోజు మనిషి బాగుంటాడు. కేస్ షీట్ అంతా వెతికాను, కఫ్ ప్రెషర్ ఎక్కడా రాసి లేదు. ఆ ఐసీయూ ఈయన ప్రాణం నిలబెట్టింది, అందులో సందేహమే లేదు. కానీ కఫ్‌కి కలిసి బయట వేలాడే పైలట్ బెలూన్‌ని వేళ్ళతో నొక్కి "సరిపోయింది" అనుకోవడం ఇంకా చాలాచోట్ల నడుస్తోంది, దానికి ఒక చిన్న మీటర్ ఉంటుంది, షిఫ్ట్‌కోసారి చూసి 20కీ 30కీ మధ్య ఉంచితే చాలు. కోవిడ్ రెండో వేవ్ తర్వాత, 2021లో, వారాలకొద్దీ వెంటిలేటర్ మీద ఉండి బతికొచ్చినవాళ్ళలో కూడా ఈ ఇరుకులే చూశాం.

ఏం చేశాం

ఇన్‌హేలర్లు, డెరిఫిలిన్ ఆపేశాం, స్టెరాయిడ్ మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం. నిద్రమాత్రలు, మత్తు ఇవ్వొద్దని బెడ్ దగ్గర పెద్ద అక్షరాలతో రాసిపెట్టాం. ట్రాకియాస్టమీ సెట్ (అవసరమైతే మెడ దగ్గర ట్రాకియాకి రంధ్రం చేసే పరికరాలు) పక్కనే. ఓపీలోనే ఫ్లెక్సిబుల్ స్కోప్ (వంగే కెమెరా గొట్టం) వేసి చూసేద్దామనే ఆలోచన ఇలాంటి చోట ప్రమాదం, 6 మిల్లీమీటర్ల దారిలో స్కోప్ దూరితే మిగిలేదేముంటుంది.

ఆపరేషన్ థియేటర్లో, మత్తు డాక్టరుతో ముందే ప్రతి మెట్టూ మాట్లాడుకుని, రిజిడ్ బ్రాంకోస్కోప్ వేశాం. ఈ పరికరం చరిత్ర 1897లో మొదలైంది, జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే డాక్టర్ ఒక రైతు శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కని దీంతో తీశాడు. పాతకాలపు లోహపు గొట్టం అని తీసిపారేసేవాళ్ళున్నారు, కానీ అందులోంచి గాలీ ఇవ్వొచ్చు, పనీ చేయొచ్చు, అందుకే ఇలాంటి ఇరుకులకి ఇప్పటికీ ఇదే దిక్కు. మచ్చ మీద మూడుచోట్ల ఎలక్ట్రో కాటరీతో గాటు పెట్టి, బెలూన్‌తో 14 మిల్లీమీటర్ల దాకా వెడల్పు చేశాం. సాయంత్రానికి పీక్ ఫ్లో 360. శబ్దం లేదు.

ఇంటికి పంపేటప్పుడు పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి పొద్దున, సాయంత్రం ఊది రాయమన్నాం. ఇంటికి వెళ్ళిన ఏడో వారంలో ఫోన్ చేశారు, 190కి పడిందని. అప్పటికి శబ్దం మొదలవలేదు, ఆయాసం కొంచెమే. మచ్చ మళ్ళీ ముడుచుకుంటోంది. ఇలా తిరగబెట్టడం మామూలే, ముఖ్యంగా మృదులాస్థి దెబ్బతిన్నప్పుడు. మళ్ళీ మళ్ళీ వెడల్పు చేసుకుంటూ పోవడం కంటే, వయసు చిన్నది, ఇరుకు పొట్టిది కాబట్టి హైదరాబాద్‌లో థొరాసిక్ సర్జన్ల దగ్గరకు పంపాం. రెండు సెంటీమీటర్ల ముక్క కోసి తీసేసి, పై చివర, కింది చివర కలిపి కుట్టారు. కుట్టు మీద లాగుడు పడకుండా గడ్డాన్ని ఛాతీ చర్మానికి కలిపి వారంపాటు కుట్టేసి ఉంచుతారు, తల పైకెత్తలేరు. ఆ వారం ఆయనకి ఐసీయూ కంటే కష్టంగా గడిచిందట. ఆర్నెల్ల తర్వాత ఎఫ్ఈవీ1 2.9, పీక్ ఫ్లో 430, లూప్‌కి శిఖరం వచ్చింది. స్టెరాయిడ్ ఆపాక షుగర్ కూడా మామూలు స్థాయికొచ్చింది.

దీనికి పూర్తిగా తలకిందులు

ఇక్కడిదాకా చెప్పింది బ్రాంకోస్పాజం లేని వీజింగ్ గురించి. వీజింగ్ లేని బ్రాంకోస్పాజం ఇంకా భయంకరం. తీవ్రమైన ఆస్తమా అటాక్‌లో నాళాలు ఎంతగా బిగుస్తాయంటే, గోడల్ని అదిరించడానికి కూడా చాలినంత గాలి కదలదు, అందుకే శబ్దం ఉండదు. దీన్నే సైలెంట్ చెస్ట్ అంటాం. అప్పటిదాకా పిల్లికూతలతో రొప్పుతున్న కుర్రాడు ఒక్కసారిగా నిశ్శబ్దమై, మగతగా, మాట పూర్తిచేయలేకుండా ఉంటే "తగ్గింది" అని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు రక్తపరీక్షలో కార్బన్ డయాక్సైడ్ "నార్మల్" వచ్చినా అది చెడ్డ కబురే, అంత వేగంగా ఊపిరి తీసేవాళ్ళకి అది తక్కువ ఉండాలి. ఇంత తీవ్రం కాకుండా, పొడిదగ్గు తప్ప ఇంకేమీ లేని ఆస్తమా కూడా ఉంది, అందులోనూ ఛాతీ శుభ్రంగా వినపడొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అరవై దాటినవాళ్ళలో పడుకుంటే పెరిగే వీజింగ్, కాళ్ళవాపు ఉంటే గుండె చూడాలి. రెండేళ్ళ పిల్లాడికి ఒకవైపే వీజింగ్ ఉంటే వేరుశనగ గింజ గురించి తల్లిని అడగాలి. చిన్నవయసు ఆడవాళ్ళలో ఒకవైపు శబ్దం వదలకపోతే శ్వాసనాళం లోపల టీబీ ఉందేమో చూడాలి, మన దగ్గర అది అరుదేం కాదు. ఆస్తమా ఉన్న పెద్దాయనకి ఉన్నట్టుండి పెరిగితే గ్లాకోమాకి టిమొలాల్ చుక్కలు మొదలెట్టారేమో కనుక్కోవాలి, అది మళ్ళీ అసలైన బ్రాంకోస్పాజమే, కంట్లో వేసిన చుక్క వల్ల వచ్చింది.

ఈ కేసు తర్వాత మా ఐసీయూ డిశ్చార్జ్ కాగితం మీద తెలుగులో ఒక పేరా చేర్చాం, రోగి ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరుకి చూపించినా పనికొచ్చేలా: "ఈయనకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు గొంతులో వెంటిలేటర్ ట్యూబ్ ఉంది. రాబోయే మూడు నెలల్లో ఆయాసం గానీ, పిల్లికూతలు గానీ, గొంతు మారడం గానీ జరిగితే ఆస్తమా అనుకునే ముందు ట్రాకియా చూడండి. ఈ కాగితం పారేయకండి."